లక్ష్మణమ్మ ఎత్తని గెడ

నూకయ్యపేట రేవులో ఏ పడవ ఒడ్డెక్కాలన్నా లక్ష్మణమ్మ గెడ ఎత్తాలి. కళింగపట్నానికి కొంచెం ఉత్తరంగా, సముద్రానికి ఎదురుగా మా ఊరి ఇసుక దిబ్బ ఉంది. ఆ దిబ్బ మీద ఆమె నిలబడుతుంది. చేతిలో రెండు నిలువుల వెదురు గెడ, దాని చివర ఎర్రగుడ్డ. గెడ పడుకుని ఉంటే ఆగమని, లేస్తే రమ్మని.

ఇది తెలియని వాళ్లు నవ్వుతారు కనుక ముందే చెప్పేస్తాను. ఒడ్డున నిలబడిన వాడికి అల ముఖం కనిపిస్తుంది. సముద్రంలోంచి వచ్చేవాడికి దాని వీపు కనిపిస్తుంది. వీపు ఎప్పుడూ నున్నగానే ఉంటుంది. మా రేవు ముందు నీళ్ల అడుగున ఇసుక మేట ఉంది. ఏడాదికో చోటికి జరుగుతుంది. అలలు దాని మీదికొచ్చి విరుగుతాయి. ఐదో ఆరో పెద్దవి విరిగాక కాసేపు తెరిపి ఇస్తుంది. ఆ తెరిపిలోనే పడవ దూరి వచ్చెయ్యాలి. తెరిపి ఎప్పుడో పడవలో వాళ్లకు తెలియదు, దిబ్బ మీది మనిషికి తెలుస్తుంది. అందుకే ముప్పై మూడేళ్లుగా మా ఊరి పదకొండు పడవల మగవాళ్లు, ఇంట్లో పెళ్లాం మాట చెవిన పెట్టని వాళ్లతో సహా, ఈ ఒక్క ఆడమనిషి మాట విని బతికారు.

జీతం లేదు. పడవకో చేప. ఏ చేప అన్నది పడవ వాళ్ల ఇష్టం. చిన్న చేప వేస్తే మర్నాడు పెద్ద తిట్లు. గెడ లేవకుండా తెగించి వచ్చిన పడవ క్షేమంగా ఒడ్డెక్కినా సరే, ఆ పూట ఆ మనుషులకు ఊళ్లో ఎవరింట్లోనూ కూర పుట్టదు. సొంత ఇంట్లో కూడా.

ఆమెది బారువ వైపు. పదిహేడో ఏట మా అప్పలసూరిని కట్టుకుని ఈ ఊరొచ్చింది. అప్పలసూరి నాకు వరసకు తమ్ముడు. అందుకే ఆమె నన్ను బావా అంటుంది. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ రోజుల్లో ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఆమదాలవలస వెళ్లి, అక్కణ్నించి రైలెక్కి విజయనగరం దాకా అమ్మేది. ఒకసారి రైల్లో టిక్కెట్ల బాబు బుట్టకు టిక్కెట్టేదని నిలదీశాడు.

“అవి సచ్చిపోనాయి బాబూ. సచ్చినోళ్లకి కూడా టిక్కెట్టేటి?” అందట.

ఆయన ముక్కు మూసుకుని ఇంకో పెట్టెలోకి పోయాడు. ఆ పెట్టెలో కూడా ఆమె అక్క ఇంకో బుట్టతో కూర్చుని ఉందని నేను చెబుతుంటాను. అది మాత్రం నా కల్పన. ఆమె తిట్లకు ఒక తుఫాను దారి తప్పి ఒడిశా పోయిందని కూడా చెబుతుంటాను. తుఫాను సంగతి దేవుడికెరుక, తిట్టిన మాట నేను చెవులారా విన్నాను.

అప్పలసూరి చనిపోయిన నాటికి ఆమెకు ముప్పై మూడేళ్లు, కొడుకు ఎల్లాజీకి ఎనిమిది. అప్పట్లో గెడ పట్టే పని ఊరిపెద్ద తమ్ముడిది. ఆ మధ్యాహ్నం అతను పేకాటలో కూర్చున్నాడు. దిబ్బ మీద ఎవరూ లేరు. అప్పలసూరి పడవ గంటన్నర ఎదురుచూసి, చూసి, తన లెక్క తాను వేసుకుని వచ్చింది. మూడో అల దాన్ని పల్టీ కొట్టించింది.

పదకొండో రోజు దినవారాలు కాగానే లక్ష్మణమ్మ గెడ తీసుకుని దిబ్బ ఎక్కింది. పెద్దలు అడ్డం పడ్డారు. మొగుడు పోయిన ఆడది పడవలకు ఎదురుగా నిలబడటమేమిటి, అపశకునం కాదా అన్నారు.

“అన్ని శకునాలూ ఉన్న మగోడే కదా ఎదురు నిలబడాలి ఆ రోజు? ఎక్కడున్నాడు? ఆడి చేతిలో ముక్కలున్నాయి. నా మొగుడు నీళ్లలో ఉన్నాడు. ఇంకెవులైనా శకునం గురించి సెప్తారేటి, సెప్పండి, ఇంటాను.”

ఆనాటి నుంచి ఆ దిబ్బ మీద ఇంకొకరి చెయ్యి గెడ మీద పడలేదు. జ్వరమొస్తే మంచం దిబ్బ మీదికి మోయించుకుంది. ఆ మంచం ఒక కాలు నేనూ మోశాను.

పోయినేడు దీపావళి దాటాక నీలిహంస వాళ్లు వచ్చారు.

నీలిహంస అంటే విశాఖపట్నంలో ఒక కుటుంబం నడిపే విహార ఓడ. పిల్లాపాపలతో ఎక్కొచ్చు, పాటలు, ఆటలు, భోజనాలు. పెద్దాయన, ఇద్దరు కొడుకులు, ఒక అల్లుడు. అన్నాళ్లూ ఓడ దక్షిణానికే తిరిగేది. భోగాపురంలో విమానాలు దిగుతాయి, జనం ఇటు పొంగుతారు అన్న ఆశతో ఉత్తరానికి కూడా నడపాలనుకున్నారు. దక్షిణం కొడుకులది, ఉత్తరం అల్లుడిది. అల్లుడి పేరు ధనరాజ్. మామగారి ముందు నిలబడి నెగ్గాల్సిన వాడు. మంచి మాటకారి. నాకు కోపం తెప్పించడంలో మంచి మాటకారుల తర్వాతే ఎవరైనా.

తుఫాను షెల్టరులో మీటింగు పెట్టాడు. గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. భోగాపురం తీరం, నూకయ్యపేట, బారువ, ఇవి మూడూ కొత్త మజిలీలు. ఓడ లోతు నీళ్లలో ఆగుతుంది, చిన్న మోటారు పడవల్లో కుటుంబాలు మా ఒడ్డుకొస్తాయి, చేపల కూరతో అన్నం తిని, ఫొటోలు దిగి వెళ్లిపోతాయి. ఊళ్లో వంటకు ఆరుగురికి పని. ఆరుగురూ ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు.

ఒక రంగుల కాగితం పంచాడు. ఇంగ్లీషులో ఉంది. విజయనగరం కాన్వెంట్లో సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు నాకు ఇంకా వదల్లేదు. లక్ష్మణమ్మ చదవమంది.

“ఇంతవరకు మనిషి తాకని తీరం అంటున్నారు,” అన్నాను.

“తాకనిదేటి బావా? మరి మాం ఏటి, పీతలమా?”

షెల్టరంతా నవ్వింది. ధనరాజ్ అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. లేచి ఒకటే అడిగింది.

“బాబూ, నీ సిన్న పడవల్ని ఒడ్డుకి ఎవులు దింపుతారు?”

“మా దగ్గర జీపీఎస్ ఉందమ్మా. అడుగడుగూ చూపిస్తుంది.”

“అల మొకం సూపిస్తాదా?”

మా వాళ్లు గెడ సంగతి చెప్పారు. ధనరాజ్ కళ్లు మెరిశాయి. “అయితే మీరే మా రేవుకు మహారాణి” అన్నాడు. ఆమె గెడ ఎత్తితేనే తన పడవలు కదులుతాయని అందరి ముందు మాట ఇచ్చాడు. మీదే రేవు, మీదే మాట అన్నాడు. ఈ వాక్యం నేను కల్పించలేదు.

పుష్యమాసం, మాఘమాసం మా సముద్రం పాలగిన్నెలా ఉంటుంది. శనివారం శనివారం ఓడ వచ్చింది. ఆమె గెడ ఎత్తింది, పడవలు వచ్చాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. పట్నం ఆడవాళ్లు ఆమె పక్కన నిలబడి ఫొటోలు దిగారు. గెడ పట్టుకుంటామన్నారు. ఇవ్వలేదు. ధనరాజ్ హంస బొమ్మ ఉన్న పట్టుగుడ్డ తెచ్చి గెడకు కట్టమన్నాడు. దాన్ని ఎండుచేపల బుట్ట మీద కప్పింది.

మార్చిలో దక్షిణపు గాలి లేచింది. గాలి లేచాక తెరిపి గంటకొకసారి వచ్చినా గొప్పే. ఒక శనివారం నీలిహంస పడవలు మూడు మేట బయట రెండున్నర గంటలు ఊగాయి. గెడ లేవలేదు. పిల్లలు వాంతులు చేసుకున్నారు. ధనరాజ్ దిబ్బ ఎక్కి బతిమాలాడు.

“అమ్మా, ఒక్క ఐదు నిమిషాలు ఎత్తండి. మా డ్రైవర్లు చూసుకుంటారు.”

“నాను సూస్తన్నాను కదా బాబూ, ఇంక ఆల్లేటి సూస్తారు?”

“మా మామగారు ఫోన్లో ఉన్నారమ్మా.”

“ఆయన్ని వచ్చి అలకి సెప్పమను.”

ఓడ వెనక్కి పోయింది. మరో శనివారానికి ధనరాజ్ ఉపాయం మార్చాడు. దక్షిణంగా రెండు మైళ్లలో ఏటి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, ఉంది. పోటు ఉన్నప్పుడు పడవ అందులోంచి లోపలికి రావచ్చు. అక్కడ జనాన్ని దింపి, ట్రాక్టరు ట్రక్కుల్లో కుర్చీలు వేసి మా దిబ్బ దగ్గరికి తెచ్చాడు. మంచిదే. కానీ కాగితాల మీద గెడ బొమ్మ అచ్చయిపోయింది. జనం గెడ చూడాలని వస్తున్నారు. కనుక పదిన్నరకు గెడ ఎత్తే ప్రదర్శన అని పెట్టాడు. ఆమదాలవలస నుంచి శైలజ అనే డాన్సు అమ్మాయిని కుదిర్చాడు. మెరుపుల చీర, రంగు వేసిన గెడ, శాటిన్ గుడ్డ.

లక్ష్మణమ్మ ట్రాక్టరుకు అడ్డంగా నిలబడింది.

“మా పడవలు బయట ఉన్నాయి. దిబ్బ మీద ఇంకో గెడ లెగిసిందంటే ఆల్లకి నాను ఎత్తినట్టే. ఆల్లకి మొకం అగుపడదు బాబూ, గుడ్డే అగుపడతాది. ఇది ఆట కాదు. ఇంటన్నావా?”

“అర్థమైందమ్మా. దిబ్బ వెనక్కి, కిందనే చేస్తాం. సముద్రంలోంచి ఎవరికీ కనబడదు. నాది హామీ.”

రెండు శనివారాలు అలాగే కింద చేశాడు. జనం ఫొటోల్లో సముద్రం రావడం లేదని గొణిగారట. మూడో శనివారం పదిన్నరకు శైలజను దిబ్బ ఎక్కమన్నాడు. ఐదు నిమిషాలే అన్నాడు.

అతనికి తెలియక చెయ్యలేదు. తెలిసే చేశాడు. ఈ ఒక్క ముక్క కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. తెలియని వాడి మీద నాకు కోపం రాదు. నా జీవితమంతా తెలియని వాళ్లను ఆటపట్టించి బతికాను. ఆమె నోటితో చెప్పింది, అతను తల ఊపాడు, తర్వాత ఐదు నిమిషాలే అనుకున్నాడు.

మా పడవలు మామూలుగా మధ్యాహ్నం దాటాక వస్తాయి. అందుకే లక్ష్మణమ్మ చోడి అంబలి తాగడానికి ఇంటికి వెళ్లింది. ఆ రోజు గాలి పెందలాడే ముదిరి పడవలు ముందే తిరిగాయి. ముందు ఎల్లాజీ పడవ. దిబ్బ మీద ఎర్రగుడ్డ లేచి ఉంది. తల్లి ఎత్తింది అనుకున్నాడు. ఇంకేమనుకుంటాడు? ముప్పై మూడేళ్లలో ఇంకెవరు ఎత్తారు గనక? ఇంజను పెంచి మేట మీదికి వచ్చేశాడు.

నేను దిబ్బ కింద, ట్రక్కు పక్కన నిలబడి ఉన్నాను. అల పడవ వెనక భాగాన్ని ఎత్తడం చూశాను. పడవ ముక్కు నీళ్లలో గుచ్చుకుంది. నలుగురు మనుషులు గాలిలోకి లేచారు. పడవ వాళ్ల మీదికి తిరగబడింది.

కుర్చీల్లో జనం చప్పట్లు కొట్టారు. ప్రదర్శనలో భాగమనుకున్నారు. చేతుల్లో ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. నీలం టోపీ పెట్టుకున్న ఒకాయన “వన్స్ మోర్” అన్నాడు.

లక్ష్మణమ్మ ఎలా వచ్చిందో నేను చూడలేదు. చూసేసరికి దిబ్బ మీద ఉంది. శైలజ చేతిలోంచి గెడ లాగి నేలకు కొట్టింది.

“నాకు తెలీదమ్మా, సారు ఎత్తమన్నారు,” అని ఆ పిల్ల ఏడ్చేసింది.

“నీది కాదు లేవే తప్పు. దిగు. దిగి అటు కూకో.”

ముగ్గురు ఈదుకుంటూ వచ్చారు. నాలుగోవాడు జగన్నాధం రాలేదు. పడవ అంచు కింద ఇరుక్కుని ఉంటే ఎల్లాజీ మళ్లీ నీళ్లలోకి పోయి లాక్కొచ్చాడు. జగన్నాధానికి యాభై రెండేళ్లు. కుడి తొడ ఎముక రెండు చోట్ల, మోకాలు మూడు ముక్కలు. ఇంక ఈ జన్మలో పడవ ఎక్కలేడని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పారు. పుట్టినప్పటి నుంచి పడవ తప్ప వేరే ఏమీ తెలియని మనిషికి ఆ మాట ఎలా చెప్పాలో డాక్టరుకు తెలియలేదు. నన్ను చెప్పమన్నారు. చెప్పాను. ఆ రోజు ఏ కథా చెప్పలేకపోయాను.

అంతకన్నా ఘోరం ఆ మధ్యాహ్నం జరిగింది. మిగతా పది పడవలు మేట బయటే ఆగిపోయాయి. లక్ష్మణమ్మ తన గెడతో దిబ్బ మీద నిలబడింది. రెండు గంటలకు మంచి తెరిపి వచ్చింది. ఎత్తింది.

ఏ పడవా కదల్లేదు.

దించి, మళ్లీ ఎత్తింది. కదల్లేదు. కాసేపటికి పదీ ముక్కు తిప్పుకుని దక్షిణంగా ఏటి మొగ వైపు పోయాయి. పోటు వచ్చేదాకా అక్కడ ఆగి, చీకటి పడుతుండగా లోపలికొచ్చి, చేపల బుట్టలు మోసుకుంటూ నడిచి ఊరు చేరారు. ఆమె అంతసేపూ దిబ్బ దిగలేదు. నేను పక్కన కూర్చున్నాను.

“నమ్మట్లేదు బావా,” అంది. “ఆల్లది తప్పు కాదు. నాను పడవలో ఉన్నా నమ్మను.”

తర్వాత వారం రోజులూ అదే. రోజూ ఆమె ఎత్తడం, రోజూ పడవలు మొగ చుట్టూ తిరిగి రావడం. పోటు కోసం కూర్చునే లోపల చేప మెత్తబడిపోయేది. ఆటు వేళ ఎవరికైనా కడుపునొప్పి వచ్చినా ఒడ్డు చేరే దారి లేదు. కుటుంబాలన్నీ బితుకుబితుకుమంటూ ఉన్నాయి. గుడ్డ మారుద్దామన్నారు. పచ్చగుడ్డ కడదామన్నారు. “పచ్చగుడ్డ బజార్లో దొరకదేటి ఆడికి?” అని ఆమె అడిగింది.

తొమ్మిదో రోజు ధనరాజ్ వచ్చాడు. తుఫాను షెల్టరులోనే కూర్చోబెట్టారు. పశ్చాత్తాపంతో వచ్చాడనుకున్నారు కొందరు. అతని చేతిలో కాగితం ఉంది. జరిగింది ప్రమాదమేనని, కంపెనీ తప్పు లేదని మేం సంతకాలు పెట్టాలట. పెడితే ఓడ మళ్లీ వస్తుంది, వంట పని మళ్లీ ఉంటుంది. పైగా తాము ముందే హెచ్చరిక బోర్డు పెట్టామన్నాడు.

నిజమే, బోర్డు ఉంది. దిబ్బ పక్కనే ఉంది. నేనే వెళ్లి చదివి వచ్చాను. “ఇది వినోద ప్రదర్శన మాత్రమే. దీనిని నౌకలకు సంకేతంగా భావించరాదు” అని ఇంగ్లీషులో రాసి ఉంది. సముద్రానికి వీపు పెట్టి, కుర్చీల వైపు తిరిగి ఉంది. ఓడలో వచ్చిన పిల్లలు ఐస్‌క్రీము తింటూ చదువుకోవడానికి వీలుగా ఉంది. నీళ్లలో మా వాళ్ల వైపు చెక్క వెనక భాగం, రెండు మేకులు ఉన్నాయి. సిస్టర్లు నాకు ఇంగ్లీషు నేర్పింది ఈ బోర్డు చదవడానికా అనిపించింది.

“సంతకం తరవాత,” అంది లక్ష్మణమ్మ. “ముందు నివ్వు మా పడవెక్కు. మేట అవతలకి ఎల్లు. అక్కణ్నించి సూడు. సూసొచ్చి అప్పుడు కాయితం ఇయ్యి.”

అతను చుట్టూ చూశాడు. మామగారి మొహం గుర్తొచ్చి ఉంటుంది. సరే అన్నాడు.

ఎల్లాజీ, జగన్నాధం వాళ్లన్న పడవ అడిగి తెచ్చాడు. నన్నెవరూ రమ్మనలేదు. డెబ్బై నాలుగేళ్ల ముసలివాణ్ని ఎవరు రమ్మంటారు? నేనే ఎక్కి ముందు కూర్చున్నాను. పోటు తీసే ముందు మొగలోంచి బయటికి వెళ్లాం. రేవుకు ఎదురుగా వచ్చి ఇంజను ఆపేసరికి పోటు తీసేసింది. మొగలో మోకాలి లోతు కూడా మిగల్లేదు. సాయంత్రం దాకా అక్కడే ఉండాలి, లేదా గెడను నమ్మి మేట దాటాలి.

“సూడు బాబూ,” అన్నాడు ఎల్లాజీ. “అల ఎక్కడ విరుగుతందో సెప్పు.”

ధనరాజ్ లైఫ్ జాకెట్ లోంచి మెడ చాపి చూశాడు. “ఎక్కడా లేదే. చదునుగానే ఉంది.”

“నాకూ అలాగే ఉంటాది. ఆ రోజూ అలాగే ఉన్నాది.”

గంట గడిచింది. ధనరాజ్ రెండుసార్లు కడుపులోది బయటపెట్టాడు. నేను అతనికి నీళ్లు ఇవ్వలేదు. ఇవ్వాలనిపించలేదు.

అంతలో దిబ్బ మీద ఎర్రగుడ్డ లేచింది.

“ఎత్తారు! ఎత్తారు! పదండి,” అని లేచి నిలబడబోయాడు.

“కూకో. ఎవులెత్తారు?”

“మీ అమ్మగారు.”

“మొకం కనబడతందా నీకు?”

“కనబడట్లేదు. కానీ ఆవిడే కదా?”

“ఆ రోజు నానూ ఆవిడే అనుకున్నాను.”

గుడ్డ దిగింది. అరగంటకు మళ్లీ లేచింది. ఎల్లాజీ చెయ్యి ఇంజను మీదికి వెళ్లింది, ఆగింది, వెనక్కి వచ్చింది. నలభై ఒక్కేళ్ల మనిషి, మా రేవులో అందరికన్నా మంచి చెయ్యి.

“ఒరే ఎల్లాజీ, మీ అమ్మేరా,” అన్నాను. “ఆ నిలబడ్డం నాకు తెలుసు. పద.”

“పెదనాన్నా, నివ్వు తుఫానుని ఒడిశా తోలేసినావు. రైలు పెట్టెలో మా పెద్దమ్మని బుట్టతో కూకోబెట్టినావు. నీ మాట నమ్మి మేట ఎక్కమంటావేటి?”

నా జీవితంలో నా మాటకు విలువ కావలసి వచ్చింది ఆ ఒక్క నిమిషమే.

మూడోసారి గుడ్డ లేవలేదు. లేవకపోగా దిబ్బ మీంచి కిందికి కదిలింది. ఎర్రటి మచ్చ ఇసుక మీద నడిచి వస్తోంది. నీటి అంచు దగ్గర ఒక క్షణం ఆగింది. ఆగి, నీళ్లలోకి దిగింది. మాకూ ఆమెకూ మధ్య అల లేచినప్పుడు గుడ్డ మాయమైపోతుంది. అల పడిపోయాక మళ్లీ కనిపిస్తుంది. కనిపించిన ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా ఉంది.

“ఏటి సేస్తంది ఈ ముసల్ది?” అని ఎల్లాజీ లేచి నిలబడ్డాడు.

ఏం చేస్తోందో నాకు అప్పుడు తెలిసింది. మేట దాటాక పడవ వచ్చే తోవలోనే, గుండెల లోతు నీళ్లలో నిలబడింది. తెరిపి కాకపోతే మేట మీద విరిగిన అల, మేం అక్కడికి చేరకముందే ఆమెను కొడుతుంది. ఆ చోట అబద్ధపు గెడ ఎత్తేవాడు బతకడు. మెరుపుల చీరతో ఐదు నిమిషాల కోసం అక్కడ ఎవరూ నిలబడరు. రెండు చేతులతో గెడ నిలబెట్టింది.

ఎల్లాజీ ఏదో బూతు మాట అని ఇంజను లాగాడు.

ఇక్కడ నేను కల్పించదలిస్తే చాలా కల్పించగలను. కల్పించను. పడవ మేట మీదుగా గచ్చు మీద జారినట్టు వచ్చింది. అడుగున ఇసుక కనిపించింది. ఆమె పక్కనుంచి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా దాటాం. అరచేత్తో పడవ అంచు మీద ఒక దెబ్బ వేసింది. మా వెనకే అల లేచింది. ఆమె బయటికి వచ్చే లోపు అది ఆమెను తోసి, గెడతో సహా ఇసుక మీద పడేసింది. ఎల్లాజీ దూకి ఎత్తాడు. ఉప్పునీళ్లు కక్కింది. మోకాలు చెక్కుకుపోయింది. లేస్తూనే కొడుకు చెంప ఛెళ్లుమనిపించింది.

“రెండుసార్లు ఎత్తితే రావేటిరా, గాడిదా?”

వాడు ఏడుస్తూ నిలబడ్డాడు.

ధనరాజ్ పడవలోంచి దిగి ఇసుక మీద కూలబడిపోయాడు. కాగితం జేబులో తడిసి ముద్దయింది. చేతులు జోడించాడు.

“క్షమించండమ్మా. నాకిప్పుడు అర్థమైంది.”

“నీకు అప్పుడూ అర్థమైంది. నాను సెప్పినాను, నివ్వు తలూపినావు. నన్నేటి అడుగుతావు? జగన్నాధం మంచం మీద ఉన్నాడు. మూడో ఇల్లు. ఎల్లి ఆణ్ని అడుగు.”

మూడో ఇల్లు అక్కడికి కనబడుతూనే ఉంది. ధనరాజ్ ఆ ఇంటి వైపు చూశాడు. తర్వాత కారు వైపు చూశాడు. కారెక్కాడు.

నీలిహంస మా ఊరికి మళ్లీ రాలేదు. స్థానికుల సహకారం లేనందున నూకయ్యపేట మజిలీ తొలగించామని, బదులుగా ఒడిశా తీరంలో ఇంకా ఉత్తరంగా కొత్త చోట్లు చూస్తున్నామని కంపెనీ ప్రకటించింది. సహకారం లేనందున. ఆ మాట నాకు రోజూ అన్నం దగ్గర గుర్తొస్తుంది. అక్కడ ఎవరి దిబ్బ ఎక్కుతారో, ఎవరికి మాట ఇస్తారో తెలియదు. జగన్నాధం కోసం ఊరంతా కాగితాల మీద కాగితాలు పెట్టుకుంటోంది. రాసేది నేనే.

పడవలు మళ్లీ మా రేవులోకే వస్తున్నాయి. కానీ దిబ్బ మీద లేచిన గెడ చూసి కాదు. లక్ష్మణమ్మ ముందు దిబ్బ ఎక్కి అలల వరస చూసుకుంటుంది. లెక్క కుదిరాక కిందికి వచ్చి గుండెల లోతు నీళ్లలో నిలబడుతుంది. అప్పుడే పడవ కదులుతుంది. ఇంక దిగక్కరలేదు, మాకు నమ్మకం కుదిరింది అని పడవల వాళ్లు చెప్పి చూశారు. “కుదిరిందని నోటితో సెప్తన్నారు. నీళ్లలోకొచ్చేసరికి సెయ్యి ఆగతంది. నాను సూడలేదేటి?” అంది.

ఆమెకు అరవై ఆరేళ్లు. నిన్న పదకొండు పడవలకు పదకొండుసార్లు నీళ్లలోకి దిగింది. ఏడోసారికి గెడను ఊతకర్రలా పట్టుకుని నడిచింది. పదో పడవకు ముందు ఇసుక మీద కూర్చుండిపోయింది. లేపుదామని చెయ్యి ఇచ్చాను.

“తియ్ బావా. ఇంకా రెండున్నాయి,” అని తనే లేచింది.